నూట నలభై మందిలో ఒక తల్లి

కాన్పుల వైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు విజయనగరంలోని మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, ‘మేడమ్, మీ అనుభవాలు చెప్పండి’ అంటారు. వాళ్లు వినాలనుకునేది అడ్డం తిరిగిన బిడ్డల గురించి, ఆగని రక్తస్రావం గురించి, ఆఖరి నిమిషంలో నిలబడిన ప్రాణాల గురించి. అలాంటివి నా దగ్గర చాలానే ఉన్నాయి. కానీ వాటిని తలుచుకుంటే నాకు కోపం రాదు. కత్తి పట్టుకున్నప్పుడు మనవాళ్లు సాధారణంగా ఒళ్లు దగ్గర పెట్టుకునే పని చేస్తారు. నోరు తెరిచినప్పుడే ఆ జాగ్రత్త ఎక్కడికో పోతుంది.

రిటైరై ఇంట్లో కూర్చున్నా ఈనాటికీ నా బీపీ పెంచే మాట ఒకటుంది. ‘రిపోర్టులో తేడా వచ్చింది, తీయించేయండి.’ వయసు కాస్త పైబడిన తల్లికి, కడుపులో బిడ్డ పడి మూడు నెలలు దాటీ దాటకుండానే, నిలబెట్టి చెప్పే మాట ఇది. ఈ మాట అనకూడదని మీకు ఏ పరీక్షలోనూ ప్రశ్న రాదు. అందుకే నేను రాస్తున్నాను.

పెద్ద మేడమ్

నేను మొదట చేరిన సర్కారు ఆసుపత్రిలో మా పై అధికారిని అందరం పెద్ద మేడమ్ అనేవాళ్లం. చెయ్యి గొప్ప చెయ్యి. ఆవిడ కుట్టిన గాయం చీము పట్టడం నేను చూడలేదు. నోరు మాత్రం వేరే. నలభైకి దగ్గర పడిన ఆడమనిషి కడుపుతో వస్తే చాలు, వార్డు మొత్తానికి వినబడేలా మొదలుపెట్టేవారు. ‘మనవల్ని ఎత్తుకోవాల్సిన వయసులో నీకిదేం పోయేకాలమే?’ అనేవారు. నర్సులు నవ్వేవారు. పక్క మంచం మీదున్న పద్దెనిమిదేళ్ల పిల్ల కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ తిట్లు ఊళ్లకు చేరేవి. పెద్ద వయసులో నెల తప్పిన ఆడవాళ్లు ఆసుపత్రి గడప తొక్కడానికి సిగ్గుపడి, చీర కుచ్చిళ్లు వదులుగా కట్టుకుని, అయిదో నెలో ఆరో నెలో వచ్చేదాకా దాచుకునేవారు. తీరా వచ్చాక మళ్లీ మేమే, ‘ఇన్నాళ్లూ ఏం చేశావు? పరీక్షల సమయం దాటిపోయింది’ అని ఇంకోసారి తిట్టేవాళ్లం. వాళ్లను దాక్కునేలా చేసింది మేమే, దాక్కున్నందుకు తిట్టిందీ మేమే.

ఆవిడ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే అదే పెద్ద మేడమ్ ముందు స్టూలు లాక్కుని తను కూర్చునేవారు, తరువాత తల్లిని కూర్చోబెట్టేవారు. ‘నిలబడి చెబితే మనం వెళ్లిపోయే తొందరలో ఉన్నామని వాళ్లకు తెలిసిపోతుంది’ అని నాకు చెప్పారు. ఒకే మనిషి నుంచి ఏం చేయకూడదో, ఏం చేయాలో రెండూ నేర్చుకున్నాను. ఇప్పటి డాక్టర్లలో చాలామందికి ఆ తిట్లు అబ్బాయి గానీ స్టూలు అబ్బలేదు.

తేడా అంటే ఏమిటి

నా దగ్గరకు వచ్చిన పైడితల్లి అనే ఒక తల్లి కథ చెప్పే ముందు అసలు విషయం నాలుగు మాటల్లో చెప్పేస్తాను. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన అండాలన్నీ వెంట తెచ్చుకుంటుంది. ఆమెతో పాటే వాటికీ వయసు వస్తుంది. వయసు పెరిగేకొద్దీ అండంలో క్రోమోజోములు సరిగ్గా విడిపోకుండా ఒకటి ఎక్కువ మిగిలిపోయే అవకాశం పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ అనేది సాధారణంగా అలా వస్తుంది. తల్లి తిన్న తిండి వల్ల రాదు, చూసిన గ్రహణం వల్ల రాదు, చేసిన పాపం వల్ల అసలే రాదు. ముప్పై అయిదో పుట్టినరోజు నాడు ఏదో గోడ కూలిపోయినట్టు ఒక్కసారిగా కూడా రాదు. మెల్లగా పెరిగే అవకాశం అది. నలభైలో కడుపుతో ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి ఈ తేడా లేని బిడ్డలే పుడతారు.

మూడో నెల చివర్లో చేసే స్కాను, రక్తపరీక్ష కలిపి ఒక లెక్క వేస్తాయి. బిడ్డ మెడ వెనక నీటి పొర మందం ఎంత, తల్లి రక్తంలో కొన్ని పదార్థాలు ఎంత, తల్లి వయసెంత, గర్భానికి ఎన్ని వారాలు అని చూసి, ఇలాంటి తల్లులు ఇంతమంది ఉంటే అందులో ఒకరి బిడ్డకు ఆ తేడా ఉండవచ్చు అని చెబుతాయి. అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పవు. ఉంది అని చెప్పవు, లేదు అని కూడా చెప్పవు. ఇంకా లోతుగా చూడాల్సింది ఎవరికో జల్లెడ పట్టి చెబుతాయి. జల్లెడను పట్టుకుని తీర్పు చెప్పేవాళ్ల మీదే నా కోపమంతా.

పైడితల్లి వచ్చిన రోజు

సర్కారు ఉద్యోగం అయిపోయాక నేను ఊళ్లో ఒక చిన్న గది తీసుకుని ఉదయం పూట మాత్రం పేషెంట్లను చూసేదాన్ని. ఒకరోజు తలుపు తోసుకుని ఒక పెద్దావిడ, ఆమెను దాదాపు మోసుకొచ్చినట్టు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చారు. వాళ్ల వెనక తువ్వాలు నలుపుకుంటూ ఒకాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆవిడ పేరు పైడితల్లి. చీపురుపల్లి దగ్గర పల్లె. ఆయన భర్త అప్పలనాయుడు, వరి, మొక్కజొన్న పండించే రైతు. అమ్మాయి వాళ్ల ఒక్కగానొక్క కూతురు హారిక, ఎచ్చెర్లలో యూనివర్సిటీలో చదువుకుంటోంది. కబురు తెలిసి హాస్టల్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

కూర్చోమన్నాను. పైడితల్లి కూర్చోలేదు. గోడను పట్టుకుని నిలబడింది.

‘రేపు నర్సింగు హోములో జాయినైపొమ్మన్నారు డాట్రమ్మా. తీసీమన్నారు.’

‘ఎందుకు?’

‘బిడ్డకి బుర్ర ఎదగదంట. పాజిటివ్ వొచ్చీసిందంట. ఇంకేటీ సెప్పనేదు. బయిట మంది ఉన్నారు, బేగి ఎల్లమన్నారు.’

హారిక తరువాత కడుపున పడ్డ బిడ్డలు నిలవలేదట. ఇక లేదనుకుని ఊరుకున్నారు. ఈసారి నెల తప్పినప్పుడు ముట్లు ఆగిపోతున్నాయనుకుంది. కూతురు చదువుకు దూరంగా ఉన్న సమయంలో తనకు కడుపని తెలిసి, ఎవరికీ ముఖం చూపించలేకపోయింది. అత్తగారు మాట్లాడటం మానేసిందట. పొలం పనికి వెళితే తోటి ఆడవాళ్లు, ‘కూతురి పురుడూ తల్లి పురుడూ ఒకే మంచం మీద పోసీవొచ్చు’ అని నవ్వారట. వీళ్లెవరినీ లెక్కచేయకుండా ధైర్యం చేసి, సమయానికి పరీక్షకు వచ్చింది. మా పెద్ద మేడమ్ కాలంలో అయిదో నెలదాకా దాక్కున్న తల్లుల్లా కాకుండా వచ్చింది. అలా వచ్చినదానికి మన వైద్యం ఇచ్చిన మర్యాద ఇది. గుమ్మం దగ్గర నిలబెట్టి, నీ బిడ్డను రేపు తీసేస్తాం పొమ్మనడం.

నేను రిపోర్టు తీసుకుని చూశాను. నలభైలో ఒకటి అని ఉంది. అంటే ఆ రిపోర్టు ప్రకారమే, అలాంటి తల్లులు నలభైమంది ఉంటే ముప్పై తొమ్మిదిమంది బిడ్డలకు ఆ తేడా ఉండదు. ఆ ముప్పై తొమ్మిదిమంది సంగతి ఆ నర్సింగు హోములో ఎవరూ ఎత్తలేదు.

అసలు వయసు

రిపోర్టులో ఆమె వయసు నలభై మూడని ఉంది. నేను ఆమె చేతులు, ముఖం చూశాను. ఎండలో పనిచేసిన మనిషి వయసు ముఖం చూసి చెప్పలేం. అందుకని మా వైపు ప్రతి తల్లినీ అడిగే ప్రశ్నే అడిగాను.

‘ఇది ఆధార్ వయసా, అసలు వయసా?’

‘అసలుదెవలికి తెలుసమ్మా? ఆధారు దింపినోడు నా మొకం సూసి ఏసీసినాడు. మా ఈదిలో ఆడోల్లందరం జనవరి ఒకటినే పుట్టినాం.’

హారిక వెంటనే అందుకుంది. ‘మేడమ్, మా మావయ్య టెన్త్ చదివాడు. ఆయన పుట్టినరోజు కరెక్టుగా ఉంది. అమ్మ ఆయనకన్నా రెండేళ్లే పెద్ద. అమ్మమ్మ ఎప్పుడూ చెబుతుంది.’

ఆ లెక్కన పైడితల్లికి ముప్పై ఎనిమిది. అయిదేళ్ల తేడా. మామూలు పనుల్లో అయిదేళ్లు అటూ ఇటూ అయితే ఎవరికీ నష్టం లేదు. ఈ పరీక్ష మాత్రం తల్లి వయసు మీదే నిలబడి లెక్క మొదలుపెడుతుంది. ల్యాబుకు ఫోన్ చేసి, వయసు సరిచేసి మళ్లీ లెక్క కట్టమన్నాను. పాత రక్తం ఫలితాలే, పాత స్కానే. కొత్త లెక్కలో నూట నలభైలో ఒకటి వచ్చింది.

అంతమాత్రాన గండం గడిచిందని నేను అనలేదు. నూట నలభైలో ఒకటి కూడా ఇంకా చూడాల్సిన వరుసలోనే ఉంటుంది. కానీ ఆమె వయసెంతో అడగడానికి ఎంతసేపు పడుతుంది? ఒక ఆడమనిషి గర్భం తీసేయాలని నిర్ణయం చేసేసినవాడికి ఆ ఒక్క ప్రశ్న అడిగే ఓపిక లేదా?

పైడితల్లికి ఎలా చెప్పాలా అని కాసేపు ఆలోచించాను. ‘చీపురుపల్లి బస్సు చూశావు కదా. సీట్లన్నీ నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్లే కూర్చున్నారనుకో. అలాంటివి సుమారు మూడు బస్సులు. అందరికీ నీలాంటి రిపోర్టే వచ్చింది. ఆ మూడు బస్సుల్లోనూ కలిపి ఒక్క తల్లి బిడ్డకు ఆ తేడా ఉండవచ్చు. మిగతా అందరూ ఆ భయం లేకుండా దిగి ఇంటికి పోతారు.’

ఆమె అప్పుడు కూర్చుంది.

‘ఆ ఒక్కదాయి నానా కాదా అని ఈ కాయితం సెప్పనేదు.’

‘చెప్పలేదు.’

‘మరి ఆ డాట్రుబాబు తీసీమన్నాడేటి?’

ఆ బాబునే అడుగుదామని వాళ్లు వెళ్లాక ఫోన్ చేశాను. ఆయన నాకన్నా చాలా చిన్నవాడు. పెద్ద భవనం, మంచి పేరు. నెమ్మదిగానే మాట్లాడాడు.

‘మేడమ్, మీరు ఓల్డ్ స్కూల్. ఈ పల్లెటూరి వాళ్లకి ప్రాబబిలిటీలు అర్థం కావు. క్లియర్‌గా ఒక మాట చెప్పేస్తే వాళ్లకే మంచిది. అయినా ఆ వయసులో వాళ్లకి ఇంకో బిడ్డ ఎందుకు?’

పైడితల్లి అర్థం చేసుకోవడానికి మూడు బస్సులు చాలాయి. అర్థం చేసుకోలేనిది ఎవరో ఆ ఫోన్లో నాకు బాగా తెలిసింది. ఇక ఇంకో బిడ్డ ఎందుకు అనే ప్రశ్న ఏ మెడికల్ కాలేజీలో నేర్పారో ఆయనే చెప్పాలి.

సూది పరీక్ష

మర్నాడు ముగ్గురినీ మళ్లీ కూర్చోబెట్టి ఉన్న దారులన్నీ చెప్పాను. ఏ పరీక్షా చేయించుకోకుండా కాన్పుదాకా వెళ్లవచ్చు. అది కూడా ఒక దారే, దాన్ని తప్పని అనకండి. లేదా తల్లి రక్తంలో తిరిగే బిడ్డ తాలూకు డీఎన్ఏ ముక్కలను చూసే కొత్త రక్తపరీక్ష చేయించుకోవచ్చు. అది మొదటిదానికన్నా చాలా సన్నని జల్లెడ, అయినా జల్లెడే. లేదా విశాఖ వెళ్లి, స్కానులో చూస్తూ పొట్టలోకి సన్నని సూది పంపి ఉమ్మనీరు తీయించుకోవచ్చు. అందులో ఉంది లేదు అన్నది తేలుతుంది. ఆ సూది వల్ల కొద్దిమందికి గర్భం పోయే ప్రమాదమూ ఉంది. ఆ ప్రమాదం చిన్నదే, కానీ లేదని అబద్ధం చెప్పను.

అప్పలనాయుడు మొదటిసారి నోరు విప్పాడు. గొంతు తగ్గించి అడిగాడు.

‘అమ్మగోరూ, ఆ సూది పరీచ్చలో మగోడో ఆడదో కూడా తెలిసిపోద్దంట గదా?’

‘నాకు తెలిసినా నేను చెప్పను. చెప్పమని నువ్వడిగినా, చెబుతానని ఇంకెవడన్నా అన్నా జైలుకు పోయే పని. బిడ్డ ఆరోగ్యం గురించి వచ్చావా, ఇందుకోసం వచ్చావా?’

అతను సిగ్గుపడ్డాడు. ‘ఊర్లో అడగమన్నారమ్మా’ అన్నాడు. ఊళ్లో అడగమనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మీరు ఇలాంటి పరీక్ష గురించి మాట్లాడిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఎక్కడో ఒక మూల నుంచి వస్తుంది. నవ్వి ఊరుకోకండి. నవ్వితే సందు ఉందనుకుంటారు.

సూది పరీక్ష కావాలని పైడితల్లే అంది. ‘తెలిస్తే ఏడుత్తాను. తెలీకపోతే ఏడుత్తానే ఉంతాను’ అంది. భర్త తల ఊపాడు. విశాఖలో నాకు నమ్మకమున్న డాక్టరు దగ్గరకు పంపాను. హారిక తోడు వెళ్లింది. పరీక్ష బాగానే జరిగింది. తరువాత ఎదురుచూపు.

ఫలితం నాకే ముందు వచ్చింది. ఆ మూడు బస్సుల్లో ఉన్న ఆ ఒక్క తల్లి పైడితల్లే.

సునీత ఇల్లు

చెప్పేటప్పుడు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. తిప్పి చెప్పలేదు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని తేలిందని చెప్పాను. హారిక ఏడ్చింది. అప్పలనాయుడు బయటకు వెళ్లిపోయి, మళ్లీ వచ్చాడు. పైడితల్లి మాత్రం ప్రశ్నలు అడిగింది.

‘నడుత్తాదా?’

‘నడుస్తుంది. కొంచెం ఆలస్యంగా.’

‘అమ్మా అంతాదా?’

‘అంటుంది.’

‘గుండికాయి బాగుంతాదా?’

‘కొంతమందికి గుండెలో రంధ్రం ఉంటుంది. ఆపరేషన్ చేస్తారు. ఇంకొన్నాళ్లకు స్కానులో చూడవచ్చు.’

‘మేం పోయినాక?’

దానికి ఏ డాక్టరూ జవాబు చెప్పలేడు. అదే చెప్పాను. చట్టం ఇచ్చిన గడువు ఇంకా ఉందని, గర్భం ఉంచుకోవడమూ తీయించుకోవడమూ రెండూ తన చేతిలోనే ఉన్నాయని, దేనికైనా నేను తోడుంటానని చెప్పాను. అలాంటి బిడ్డను పెంచుతున్న తల్లితో మాట్లాడతావా అని అడిగాను. మాట్లాడతానంది.

సునీత గజపతినగరం వైపు ఒక బడిలో టీచరు. కాస్త ఆలస్యంగా పెళ్లయి, ఆలస్యంగా కడుపు పండిన మనిషి. ఆమెకు వేరే ఒక చోట ఇదే పరీక్ష చేశారు. రిస్కు తక్కువని వచ్చింది. ఆ డాక్టరు ‘హండ్రెడ్ పర్సెంట్ నార్మల్, స్వీట్లు పంచుకోండి’ అన్నాడట. తక్కువ రిస్కు అంటే లేదని కాదు. సునీత కూతురు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. అత్తింటివాళ్లు, ‘డాక్టరు బాగుందన్నాడు కదా, నువ్వేం తిన్నావు? ఏం చేశావు?’ అని ఆమె మీద పడ్డారు. ఆ స్వీట్ల డాక్టరు ఒక్కసారన్నా వచ్చి ఆ పిల్ల ముఖం చూడలేదు. ఎక్కువ రిస్కును శాపంలా చెప్పేవాడూ తక్కువ రిస్కును వరంలా చెప్పేవాడూ నా దృష్టిలో ఒకటే. ఇద్దరికీ తాము చేసిన పరీక్ష ఏమిటో తెలియదు.

మేం వెళ్లేసరికి సునీత కూతురు అరుగు మీద కూర్చుని పలక మీద గీతలు గీస్తోంది. ఆరేడేళ్లు ఉంటాయి. పైడితల్లిని చూసి లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తన బొమ్మలన్నీ చూపించింది. పైడితల్లి ఆ పిల్ల జడ విప్పి మళ్లీ అల్లింది.

సునీత దాచుకోకుండా అన్నీ చెప్పింది. గుండె ఆపరేషన్ గురించి, బడిలో చేర్చుకోమని తిరిగిన రోజుల గురించి, పెళ్లిళ్లకు పిలిచినవాళ్లు పిల్లను తీసుకురావద్దన్న సంగతి, ఈ పిల్ల లేని ఇంటిని తను ఇప్పుడు ఊహించుకోలేనన్న సంగతి. చివరికి పైడితల్లి అడిగింది.

‘నన్నేటి సెయ్యమంతావమ్మా?’

‘నేను చెప్పనక్కా. నా పిల్లను చూసి కనమని చెప్పను, నా కష్టం చూసి మానమనీ చెప్పను. నన్ను ఎవరూ అడగలేదు. నిన్ను అడుగుతున్నారు. నువ్వే చెప్పుకో.’

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో హారిక తల్లి భుజం మీద తల పెట్టి, ‘నువ్వు కనమ్మా, నేను చూసుకుంటాను’ అంది.

‘నువ్వు సూత్తావని నాకు తెలుసే. నా బయమదే’ అంది పైడితల్లి.

కొన్నాళ్లు ఆలోచించుకుని, ఆ గర్భం వద్దనుకుంది. నాకు తనే ఫోన్ చేసి చెప్పింది. భర్త చేత చెప్పించలేదు.

ఆమె నిర్ణయం మంచిదా చెడ్డదా అని మీరు నన్ను అడగవద్దు. సునీత కూతురి లాంటి బిడ్డలు పుట్టకూడదని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. ఆ బిడ్డలను బడిలో చేర్చుకోని, పెళ్లికి పిలవని మనుషుల మధ్య ఒక ఆడమనిషి నిర్ణయం చేయాల్సి వచ్చింది. తప్పుపట్టేవాళ్లు ముందు ఆ బడుల వైపు చూడండి.

ఆసుపత్రిలో ఆమెను పసిపిల్లల ఏడుపు వినిపించే వార్డులో పెట్టకుండా వేరే గది అడిగి తీసుకున్నాను. మీరు కూడా ఇది మరిచిపోకండి. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. అంతా అయ్యాక బిడ్డను చూస్తానంది. డ్యూటీ నర్సు, ‘ఎందుకులే అమ్మా, చూస్తే మరుపు రాదు’ అంది. ‘మర్సిపోతానని ఎవులన్నారు?’ అంది పైడితల్లి. మెత్తని గుడ్డలో చుట్టి ఇచ్చాం. ఆమె, హారిక చాలాసేపు చూసుకున్నారు. అప్పలనాయుడు దగ్గరకు రాలేక తలుపు దగ్గర నిలబడి, ఆఖరికి వచ్చి ఒక్కసారి ముట్టుకుని వెళ్లాడు.

నేను చెప్పిందే కదా

కొన్ని వారాల తరువాత ఒక పెళ్లి విందులో ఆ నర్సింగ్ హోమ్ డాక్టరు కనిపించాడు. సంగతి ఎవరి ద్వారానో ఆయనకు చేరింది. చేతిలో ప్లేటుతో నా పక్కకు వచ్చి నవ్వాడు.

‘చివరికి నేను చెప్పిందే కదా మేడమ్. తేడా ఉంది, తీయించేశారు. మధ్యలో పాపం వాళ్లని విశాఖ దాకా తిప్పారు.’

నా ఒళ్లు మండిపోయింది. ‘నీకు తెలిసి చెప్పలేదు. వయసు కూడా సరిగ్గా తెలుసుకోకుండా చెప్పావు. అదే మాట ఆ మూడు బస్సుల్లో అందరికీ చెప్పేవాడివి. అందులో ఒక్కరికి నిజమైతే నువ్వు గొప్ప డాక్టరువా? మిగతా బిడ్డల సంగతేమిటి?’ అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపి చూశారు. ఆయన బస్సులేమిటో అర్థం కాక నా వైపు చూసి, పెరుగన్నం దగ్గరకు వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక కూడా నా మనసు కుదుటపడలేదు. తప్పు చేసినవాడి మాట తప్పయితే మందలించడం సులువు. తప్పు దారిన వెళ్లినవాడి మాట ఒక్కోసారి నిజమైపోతుంది. అప్పుడు లోకం అతన్నే మెచ్చుకుంటుంది. మన వృత్తిలో ఇంతకన్నా ప్రమాదమైన సంగతి నాకు కనబడలేదు. అలా ఒక్కసారి మెప్పు పొందినవాడు ఇక జన్మలో ఎవరినీ వయసు అడగడు.

అయితే ఆయన ప్రశ్న నన్ను కూడా కొరికింది. చివరికి జరిగింది అదే అయినప్పుడు, ఇంత తిప్పడం వల్ల పైడితల్లికి ఒరిగిందేమిటి? ఇంకో నెల రోజుల ఏడుపు, పొట్టలో సూది, సునీత కూతురి జడ. ఇవి ఆమెకు మేలు చేశాయో లేదో నేను ఎలా చెప్పగలను?

ఎండలు ముదురుతున్న రోజుల్లో పైడితల్లి ఒంటరిగా నా దగ్గరకు వచ్చింది. రక్తం తక్కువగా ఉంది, మందులు రాశాను. లేచి వెళ్లబోతూ ఆగింది. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. ‘ఆ రోజు నిన్ను విశాఖ పంపినందుకు నా మీద కోపముందా?’

ఆమె తిరిగి కూర్చుంది.

‘ఆ డాట్రుబాబు సెప్పినట్టు మర్నాడే తీయించీసుంటే, డాట్రమ్మా, నాను బతికినన్నాల్లూ ఒకటే అనుకుందును. బాగున్న బిడ్డని సంపీసినానేమో అని. ఏ గుంటని సూసినా అదే అనుకుందును. ఇప్పుడు ఏడుపుంది. పొద్దోతే ఇంకా ఉంతాది. కానీ ఆ అనుమానం నేదు. నా బిడ్డకేటయ్యిందో నాకు తెలుసు. నానే అనుకున్నాను, నానే సేసినాను. నాకెవులూ సెయ్యనేదు.’

ఆమె వెళ్లాక ఆ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆమె అన్నది అన్నట్టుగా, ఆమె మాటల్లోనే చెప్పాను. విన్నాడనుకున్నాను.

‘పేషెంట్లు వెయిట్ చేస్తున్నారు మేడమ్’ అని పెట్టేశాడు.

ఆ బయట కూర్చున్నవాళ్లలో ఎవరి చేతిలో ఏ రిపోర్టు ఉందో, లోపలికి పిలిచి నిలబెట్టి వాళ్లకు ఏం చెబుతాడోనని ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.